నాలుగు స్వరాల రాగం: మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాన ప్రస్థానం

శంకరగుప్తం కోనసీమలో, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రానికి దగ్గర్లో కొబ్బరితోటల మధ్య ఉన్న చిన్న ఊరు. నాటి తూర్పు గోదావరి జిల్లా రాజోలు తాలూకాలోని ఆ ఊళ్లో 1930 జూలై 6న మంగళంపల్లి మురళీకృష్ణ పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు, వయొలిన్, వీణ తెలిసిన సంగీత ఉపాధ్యాయుడు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. ఆమె తండ్రి ప్రయాగ రంగదాసు గోదావరి పల్లెల్లో భజనపరుల నోళ్లలో నానిన కీర్తనలు రాసిన వాగ్గేయకారుడు. బిడ్డ పురిటి పసికందుగా ఉండగానే తల్లి కన్నుమూశారు. తండ్రి ఇంటి పాఠమూ, తాతగారి కీర్తన వారసత్వమూ మాత్రం ఆ బిడ్డకు మిగిలాయి.

ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి పండింది. వరి పండిన చోట కలిగిన ఇళ్లూ, జమీందారీ కొలువులూ, సభలూ పాటను పోషించాయి. పిఠాపురం ఆస్థానంలో వీణ తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ఉన్నారు. కాకినాడలో సరస్వతీ గానసభ ఉంది. ఈ జిల్లా నుంచే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణతో కొత్త ప్రయోగాలు చేశారు. రాజోలులో పుట్టిన వోలేటి వెంకటేశ్వర్లు కర్ణాటక బాణీలోకి హిందుస్తానీ పోకడలను ఇమడ్చగలిగారు. పట్టిన పద్ధతిని వదలకుండానే దాన్ని అటూ ఇటూ కదిపి చూడటం ఈ నేల విద్వాంసులకు కొంత అలవాటు. ఆ కదపడంలో అందరికంటే దూరం వెళ్లినవారు, అందుకు అందరికంటే ఎక్కువ మాటలు పడ్డవారు బాలమురళీకృష్ణ.

కొడుకు గొంతులో ఉన్నదేమిటో గుర్తించిన తండ్రి అతణ్ణి విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చారు. పంతులుగారిది త్యాగరాజు నుంచి నేరుగా దిగివచ్చిన శిష్య పరంపర. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి. అంటే బాలమురళి ఆ వరసలో త్యాగరాజు నుంచి అయిదో తరం. తరువాతి రోజుల్లో ఆయన సంప్రదాయం తప్పాడని విమర్శించినవారికి ఈ పరంపరే మొదటి చిక్కయింది. అంత గట్టి గురుకులంలో ఎదిగినవాడిని బయటివాడని తోసెయ్యడం ఎవరి తరమూ కాలేదు.

మొదటి కచేరీ ఎనిమిదో ఏట విజయవాడలో, గురువుగారు ఏటా జరిపే ఆరాధనోత్సవంలో జరిగింది. పసివాడు కాసేపు పాడి దిగిపోతాడనుకున్నారు. జనం దిగనివ్వలేదు. ఆ సభలో ఉన్న హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరు ముందు 'బాల' చేర్చారు. మురళీకృష్ణ అప్పటి నుంచి బాలమురళీకృష్ణ. ఎనభై ఆరేళ్లు వచ్చినా ఆ 'బాల' పేరును వదలలేదు. సంగీతం మొదలుపెట్టినవాడికి పాఠశాల చదువు సాగలేదు. ప్రాథమిక దశ దాటిన కొద్దికాలానికే బడి ఆగింది. పిమ్మట పలు విశ్వవిద్యాలయాలు ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

కర్ణాటక సంగీతంలో స్వరాల అమరికను బట్టి డెబ్భై రెండు మేళకర్తలుంటాయి. పదిహేడో శతాబ్దిలో వేంకటమఖి వేసిన లెక్క అది. షడ్జమం, పంచమం కదలవు, మధ్యమం రెండు రకాలు, మిగతా నాలుగు స్వరాలకు ఉన్న భేదాలను కలిపితే డెబ్భై రెండు వస్తాయి. లెక్కలో ఉన్నంత మాత్రాన ఇవన్నీ పాటలోకి రాలేదు. కచేరీల్లో ఎక్కువగా వినిపించేవి పదీ పదిహేను మేళాలు. మిగతావాటిలో పక్కపక్కనే ఆనుకుని ఉండే స్వరాలు గొంతుకు ఇబ్బంది. మహావైద్యనాథ అయ్యర్ పందొమ్మిదో శతాబ్దిలో డెబ్భై రెండిటినీ ఒకే రాగమాలికగా కట్టారు. కోటీశ్వర అయ్యర్ తమిళంలో ఒక్కొక్క మేళానికి ఒక్కొక్క కృతి చేశారు. బాలమురళి కౌమారంలోనే ఆ డెబ్భై రెండు మీద పట్టు సాధించి, ప్రతి మేళకర్తలోనూ సొంత కృతి రాశారు. అవి 'జనకరాగ కృతి మంజరి' పేరుతో 1952లో అచ్చయ్యాయి, తరువాత 'రాగాంగ రావళి' పేరుతో రికార్డుల వరసగా వచ్చాయి. ఆ వయసులో ఉన్న కుర్రాడు గురువు నేర్పిన కృతులు శుభ్రంగా పాడితే చాలునని ఎవరైనా అంటారు. అతను మాత్రం పటంలో గుర్తు పెట్టి ఎవరూ వెళ్లని ఊళ్లన్నీ ఒకసారి తిరిగి వద్దామన్నట్టు ఆ మేళాలన్నిటా తిరిగారు. తరువాతి జీవితమంతా ఈ పద్ధతే. శాస్త్రం 'కుదురుతుంది' అన్న చోటికి, వాడుకలో లేకపోయినా, వెళ్లి చూడటం.

పాటకు తోడు వాద్యాలు కూడా చేతికి వచ్చాయి. మృదంగం, కంజీర, వయొలిన్ వాయించేవారు. పాశ్చాత్య వాద్యబృందాల్లో ఉండే వయోలాను తెచ్చి కర్ణాటక సంగీతానికి వాడారు. అది వయొలిన్‌కంటే కాస్త పెద్దది, దాని నాదం ఇంకొంచెం మంద్రం. పెద్ద విద్వాంసుల పక్కన దాన్ని వాయించారు, దానితో సొంతంగా కచేరీలూ చేశారు. లయవాద్యం చేతిలో ఉన్నవాడి పాటలో తాళం బరువుగా ఉండదు. అది ఆయన తిల్లానాల్లో తెలుస్తుంది.

ఆయన బాల్యంలోనే ఆకాశవాణిలో పాడటం మొదలుపెట్టారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. తెలుగు నేల మీద ఆ కేంద్రం సంగీతానికి చేసిన మేలు ఏ సభా చెయ్యలేదు. అక్కడ సంగీత విభాగంలో ఆయన పనిచేశారు, తరువాత హైదరాబాదు, మద్రాసు కేంద్రాల్లోనూ ప్రయోక్తగా ఉన్నారు. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి, మృదంగం మీద దండమూడి రామమోహనరావు ఒకే కప్పు కింద పనిచేసిన రోజులవి. గోదావరి, కృష్ణల మధ్య ఉన్న విద్వత్తు చాలావరకు ఒక స్టూడియోలో చేరింది.

ఆ కేంద్రం నుంచి వచ్చిన భక్తిరంజని పొద్దున్నే ఇళ్లలో వినిపించేది. పొలానికి వెళ్లేవాళ్లు, ముగ్గు పెట్టే ఆడవాళ్లు, హోటలు పొయ్యి రాజేసేవాళ్లు, ఎవరి పనిలో వాళ్లుండగానే అది చెవిన పడేది. రామదాసు కీర్తనలు, అన్నమాచార్య పదాలు, నారాయణతీర్థుల తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కృతులు, అచలతత్త్వాలు అందులో వచ్చేవి. ఇవన్నీ అప్పటికే జనంలో ఉన్నాయి. కాకపోతే భజన మందిరాల్లో తాళాలు, చిడతల మోతలో, ఎవరికి తోచిన వరసలో ఉన్నాయి. బాలమురళి, రజనీకాంతరావు, వారి సహచరులు వాటికి పదునైన వరసలు కట్టారు. సాహిత్యం చెడకుండా, శ్రుతి తప్పకుండా, మూడు నాలుగు నిమిషాల్లో ఒదిగేలా చేశారు.

రామదాసు కీర్తనల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భద్రాచలం గోదావరి ఒడ్డున ఉంది, రామదాసు పాట రేవు రేవునా ఉంది. అయినా కచేరీ వేదిక మీద ఆ కీర్తనలకు చోటు తక్కువే. విద్వాంసులు వాటిని చివర్లో తీసుకునే చిన్న పాటలుగానే చూసేవారు. బాలమురళి గొంతులో రేడియో మీద, ఆ తరువాత రికార్డుల మీద అవి వచ్చాక లెక్క మారింది. 'పలుకే బంగారమాయెనా' పాడబోయే ఎవరికైనా ఆయన వరస ముందు గుర్తొస్తుంది. 'ఏమి సేతురా లింగా' అనే తత్త్వం పండితుల నుంచి పడవవాళ్ల దాకా చేరింది ఆయన గొంతు వల్లే.

మైకు లేని రోజుల్లో గాయకుడు వెనక వరసకు వినిపించేలా గొంతెత్తాలి. అలా ఎత్తిన గొంతులో మాట నలుగుతుంది. స్టూడియోలో మైకు అంగుళాల దూరంలో ఉంటుంది. బాలమురళి దానితో మాట్లాడినట్టు పాడారు. మంద్రస్థాయిలో గొంతు పూర్తిగా తగ్గించినా అక్షరం అక్షరంగా వినపడుతుంది. పైకి వెళ్లినప్పుడు అరుపు ఉండదు. మూడు స్థాయిల్లో కష్టం తెలియకుండా తిరిగే గొంతు అది. 'రా' అన్న పిలుపులో దీర్ఘం ఎంత సాగాలో, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం విరగదో ఆయనకు తెలుసు. తెలుగు రాని దేశంలో తెలుగు కృతులు పాడేవాళ్లు మాటను విరిచి స్వరాన్ని నిలబెడుతున్న కాలంలో ఆయన మాట మీద నిలబడ్డారు. ఆయన చేసిన మార్పుల్లో దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కానీ రాగాల సృష్టికంటే ఇదే ఎక్కువమందిని చేరింది.

విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల ఏర్పడినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆయనే. ఇప్పుడు ఆ కళాశాలకు ఘంటసాల పేరుంది. ఆఫీసు కుర్చీలో ఎక్కువకాలం ఉండే మనిషి కాదు. మద్రాసు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

అప్పటికే సినిమా ఆయన్ని పిలిచింది. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే ఘట్టానికి 'సలలిత రాగ సుధారస సారం' పాట ఉంది. తెరమీద ఎన్.టి. రామారావు. ఆయనకు అలవాటుగా పాడే గొంతు ఘంటసాలది. ఈ పాటకు మాత్రం సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి బాలమురళిని ఎంచుకున్నారు. ఈ సుసర్ల, పారుపల్లికి గురువైన దక్షిణామూర్తిశాస్త్రి వంశంవారే. నాట్యాచార్యుడి పాత్రకు శాస్త్రీయ విద్వాంసుడి గొంతు కావాలనిపించడం సబబే. బెంగుళూరు లత ఉత్తర పాత్రకు పాడారు. నాట్యపాఠం సినిమా పాటగా మారినా పాఠం పాఠంగానే ఉంది.

తమిళంలో 1964లో 'కలైకోవిల్', 1965లో 'తిరువిళైయాడల్' వచ్చాయి. రెండో చిత్రంలో 'ఒరు నాళ్ పోదుమా' పాట హేమనాథ భాగవతార్ అనే గర్విష్ఠి విద్వాంసుడిది. కథలో అతను ఓడిపోతాడు. ఓడిపోయేవాడికే చిత్రంలోని గొప్ప పాటల్లో ఒకటి దక్కింది. 1967లో ఏ.వి.యం. వారి 'భక్త ప్రహ్లాద'లో బాలమురళి స్వయంగా నారదుడి వేషం కట్టి తన పాటలు తానే పాడారు. ఆ వేషంలో ఆయన్ని చూసినవాళ్లు ఇంకొకరిని నారదుడిగా ఒప్పుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. 1975లో బాపు, రమణల 'ముత్యాలముగ్గు'లో, 1982లో పాలకొల్లు వాస్తవ్యులు దాసరి నారాయణరావు తీసిన 'మేఘసందేశం'లో ఆయన గొంతు ఉంది. 1977లో ఇళయరాజా రీతిగౌళ రాగంలో కట్టిన 'చిన్న కణ్ణన్ అళైక్కిరాన్' ఆయనే పాడారు. తరువాత ఆ రాగం సినిమావాళ్లకు అలవాటైపోయింది.

కన్నడంలో జి.వి. అయ్యర్ తీసిన 'హంసగీతె' చిత్రంలో పాడినందుకు 1975 సంవత్సరానికి ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. అదే దర్శకుడు సంస్కృతంలో తీసిన 'ఆది శంకరాచార్య'కు సంగీతం ఆయనదే. 'మధ్వాచార్య'కు 1986 సంవత్సరపు ఉత్తమ సంగీత దర్శకుడి జాతీయ పురస్కారం అందుకున్నారు. గాయకుడిగా ఒకటి, సంగీత దర్శకుడిగా ఒకటి జాతీయ పురస్కారాలు తెచ్చుకున్న కచేరీ విద్వాంసులు అరుదు.

ఆయన పేరు చెప్పగానే గొడవ మొదలయ్యేది రాగాల దగ్గర. మహతి, లవంగి, సుముఖం, మనోరమ, రోహిణి, సుషమ, సిద్ధి, ప్రతిమధ్యమావతి, సర్వశ్రీ, ఓంకారి, గణపతి, ఇలా కొత్త పేర్లతో రాగాలు కట్టి వాటిలో కృతులు చేశారు. కొన్నిటిలో స్వరాలు నాలుగే, సర్వశ్రీ వంటివాటిలో మూడే.

మహతిని విప్పి చూడవచ్చు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. ఇంతే. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవతం లేదు. పాశ్చాత్య సంగీతకారుడు ఈ నాలుగు మీటలనూ పియానో మీద ఒకేసారి నొక్కితే, తరువాతి తావుకు వెళ్లమని తొందరపెట్టే కార్డ్ ఒకటి వస్తుంది. బాలమురళి దాన్ని కలిపి మోగించలేదు, ఒకదాని తరువాత ఒకటిగా సాగదీసి రాగం చేశారు. మేళకర్తల లెక్కలో దీని తల్లి ఎవరని అడిగితే సమాధానం ఒక్కటి రాదు. అంతర గాంధారం పక్కన ఉండగల రిషభాలు మూడు, కైశికి నిషాదం పక్కన ఉండగల ధైవతాలు రెండు, మధ్యమాలు రెండు. కలిపితే పన్నెండు మేళాలు ఈ రాగాన్ని నా బిడ్డే అనవచ్చు. మామూలుగా హరికాంభోజికి చెందిందంటారు, అంతే. షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతంతో కట్టిన లవంగికి తొమ్మిది మేళాలు వస్తాయి. షడ్జమం, శుద్ధ మధ్యమం, పంచమం మాత్రమే ఉన్న సర్వశ్రీకి శుద్ధ మధ్యమ మేళాలన్నీ, ముప్పై ఆరూ, తల్లులే. డెబ్భై రెండు మేళాల చట్రంలో పెరిగిన మనిషి ఆ చట్రంలోని గదులన్నీ తిరిగి చివరికి ఏ గదికీ చెందని చోటును కనిపెట్టాడు.

సంప్రదాయం రాగానికి కనీసం అయిదు స్వరాలు ఉండాలంది. ఆ గీత దాటినందుకే వివాదం రేగింది. 1980ల మొదట్లో ప్రసిద్ధ వైణికుడు ఎస్. బాలచందర్ కొత్త రాగాలు సృష్టించానన్న బాలమురళి మాటను బహిరంగంగా సవాలు చేశారు. పత్రికల్లో వాదోపవాదాలు సాగాయి, మద్రాసు సంగీత లోకం రెండు జట్లయింది. బాలమురళి వాదం సూటిగా ఉండేది. స్వరాలను వరసలో పెట్టినంత మాత్రాన రాగం కాదు, పాడితే దానికి ఒక ముఖం రావాలి, ఆ ముఖం వస్తే స్వరాల సంఖ్య అడగనక్కర్లేదన్నది దాని సారం. ఈ వాదాన్ని కాగితం మీద తేల్చలేరు. లవంగిలో ఆయన పాడిన ఆలాపన విన్నప్పుడు నాలుగు స్వరాలే ఉన్నాయన్న సంగతి చాలాసేపు తట్టదు. ఇంకొకరు పాడితే వెంటనే తడుతుంది. ఆ రాగాల బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. ఆయన గొంతు తోడు లేకుండా ఎక్కువ దూరం నడిచినవి కొన్నే. మహతికి మాత్రం సినిమా సాయం దొరికింది. 1975లో కె. బాలచందర్ 'అపూర్వ రాగంగళ్' తీసినప్పుడు సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ 'అదిశయ రాగం' పాట ఎత్తుగడను మహతిలో పెట్టారు, జేసుదాసు పాడారు. విద్వత్సభలు సందేహించిన రాగం టీకొట్టు రేడియోలో మోగింది.

ఇలాంటి తగువు ఒక్క మద్రాసుకే పరిమితం కాదు. స్పెయిన్ దక్షిణాన అండలూసియాలో జిప్సీ కుటుంబాల నుంచి వచ్చిన ఫ్లమెంకో పాట ఉంది. అక్కడా గురువు గొంతు నుంచి శిష్యుడి గొంతుకే పాట చేరుతుంది, అక్కడా శుద్ధమైనది ఏది అన్న పట్టింపు ఎక్కువ. 1979లో కమరోన్ దె లా ఇస్లా అనే గాయకుడు లోర్కా కవితలకు డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు, ఒక పాటలో సితారు కూడా జోడించి ఒక ఆల్బమ్ చేస్తే శుద్ధవాదులు మండిపడ్డారు. 1996లో ఎన్రికె మొరెంతె రాక్ బృందంతో కలిసి 'ఒమెగా' చేసినప్పుడూ ఇదే రభస. కమరోన్, మొరెంతె బయటి వాద్యాలను లోపలికి తెచ్చారు. బాలమురళి బయటి నుంచి పెద్దగా ఏమీ తేలేదు, లోపలున్న లెక్కనే చివరిదాకా లాగారు. అందుకే ఆయన మీద వచ్చిన విమర్శ కూడా శాస్త్ర పరిభాషలోనే వచ్చింది.

తాళంలో చేసినది ఇంత గొడవ కాలేదు, దాని గురించి తెలిసినవాళ్లూ తక్కువే. ఆదితాళం వేసేటప్పుడు ఎనిమిది లెక్కల్లో మూడు మాత్రమే చప్పుడుతో పడే దెబ్బలు. మిగతా అయిదూ వేళ్లు లెక్కపెట్టడం, చెయ్యి తిప్పడం, చప్పుడు లేనివి. మామూలుగా అన్నిటికీ నడక ఒకటే, లెక్కకు నాలుగు మాత్రలు. బాలమురళి చప్పుడు ఉన్న దెబ్బలకు మాత్రం నడక మార్చారు. ఆ దెబ్బలను అయిదేసిగా నడిపిస్తే పంచముఖి. ఎనిమిది లెక్కల తాళం చూపుకు అలాగే ఉంటుంది, లోపల మాత్రం ముప్పై రెండు కావలసినచోట ముప్పై అయిదు మాత్రలు తిరుగుతాయి. మూడేసితో త్రిముఖి, ఏడేసితో సప్తముఖి, తొమ్మిదేసితో నవముఖి. మృదంగం వేసేవాడికి ఇది మంచి పరీక్ష. కచేరీల్లో మాత్రం ఇది బాగా నాటుకోలేదు.

బాగా నాటుకున్నవి తిల్లానాలు. కచేరీ చివర, నాట్యం చివర జతులతో ఉరకలు వేసే తిల్లానాకు కొత్త ప్రాణం పోసినవారిలో ఆయన ముందుంటారు. బృందావని, కదనకుతూహలం, కుంతలవరాళి, ద్విజావంతి రాగాల్లో ఆయన చేసినవి భరతనాట్యం, కూచిపూడి అరంగేట్రాల్లో తరచూ వినపడతాయి. కదనకుతూహలం పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ వాడుకలోకి తెచ్చిన రాగం, దానిలో బ్యాండు మేళపు హుషారు ఉంది. బాలమురళి తిల్లానా ఆ హుషారును ఇంకో మెట్టు ఎక్కించింది. ఒక తిల్లానాలో గ్రహభేదం కూడా చేశారు. అంటే ఆధార షడ్జమాన్ని జరిపి అవే స్వరాల నుంచి మరో రాగాన్ని పుట్టించడం. కచేరీలో ఆలాపనలో చేసే విన్యాసాన్ని ఇక్కడ రచనలోనే కట్టేశారు. వర్ణాలు, కృతులు, తిల్లానాలు కలిపి తెలుగు, సంస్కృతం, తమిళ భాషల్లో ఆయన రచనలు నాలుగువందలు దాటుతాయి.

వేదిక మీద ఆయన తీరు కొందరికి నచ్చేది కాదు. పాడుతూ నవ్వుతారనీ, గొంతుతో గారాలు పోతారనీ, కృతిలో సంగతులు ఉన్నవి ఉన్నట్టు పాడరనీ అనేవారు. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కొన్ని సాయంత్రాల్లో గొంతు తన సొగసు తానే వింటూ కూర్చున్నట్టుండేది. అయితే శ్రద్ధగా పాడిన రోజున త్యాగరాజు పంచరత్నాల్లో ఆయన పలికిన తెలుగు అంత తేటగా ఇంకెక్కడా దొరకదు.

హిందుస్తానీ విద్వాంసులతో కలిసి పాడే జుగల్‌బందీకి దక్షిణాది గాత్రంలో బాట వేసినవారిలో ఆయనొకరు. ముంబైలో భీమ్‌సేన్ జోషితో మొదలుపెట్టి, కిశోరీ అమోన్కర్‌తో పాడారు, హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన పాడారు. రెండు పద్ధతులకు ఉమ్మడిగా ఉన్న రాగాన్ని పట్టుకుని, ఎవరి గమకం వాళ్లు పలుకుతూ, ఒకరి మాటను ఇంకొకరు అందుకోవాలి. వేరే పద్ధతిని గౌరవించడం తెలిసినవాడికే ఇది సాధ్యం. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'మిలే సుర్ మేరా తుమ్హారా'లో తమిళ చరణం పాడినది కోనసీమ తెలుగువాడైన ఆయనే. ఇరవై అయిదు వేల కచేరీలు చేశారని చెబుతారు.

పద్మశ్రీ 1971లో, సంగీత నాటక అకాడమీ పురస్కారం 1975లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి 1978లో, పద్మవిభూషణ్ 1991లో వచ్చాయి. 2005లో ఫ్రాన్సు ప్రభుత్వం కళలకూ సాహిత్యానికీ ఇచ్చే షెవాలియే బిరుదునిచ్చింది. సొంత రాష్ట్రంతో మాత్రం సంబంధం ఎప్పుడూ సాఫీగా లేదు. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం కళా అకాడమీలను రద్దు చేసినప్పుడు, ఆ ప్రభుత్వం ఉన్నంతకాలం ఆంధ్రప్రదేశ్‌లో పాడనని బాలమురళి ప్రకటించారు. ఇరవై ఏళ్ల కిందట బృహన్నలకు గొంతిచ్చినవాడు ఆ బృహన్నల పాలనలో పాటకు సెలవు పెట్టాడు. కొన్నేళ్లకు ఆ మనస్పర్థ తొలగింది.

సంగీతంతో చికిత్స అన్న అంశంలో ఆయనకు ఆసక్తి ఉండేది, దానికోసం సంస్థ ఏర్పాటు చేశారు. శిష్యులకు నేర్పడం మానలేదు. విజయవాడలో డి.వి. మోహనకృష్ణ, కేరళలో తిరువాంకూరు రాజవంశానికి చెందిన ప్రిన్స్ రామవర్మ ఆ పాఠాన్ని ముందుకు నడిపినవారిలో ఉన్నారు. తెలుగు ఇంటిభాష కాని పిల్లల చేత రామవర్మ ఆయన కృతులనూ, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులకు ఆయన ఇచ్చిన వరసలనూ పాడిస్తుంటారు. డెబ్భై ఎనిమిదో ఏట కూడా బాలమురళి 2009 నాటి తమిళ చిత్రం 'పసంగ'లో పాడారు.

2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. ఇప్పుడు కచేరీల్లో ఆయన కొత్త రాగాల్లో మహతి, లవంగి అప్పుడప్పుడు వస్తాయి. మూడు స్వరాల రాగాలను పాడేవారు దాదాపు లేరు. ముఖి తాళాలు లయ ప్రదర్శనలకు పరిమితమయ్యాయి. తిల్లానాలు దేశమంతా నాట్యవేదికల మీద ఉన్నాయి. రామదాసు కీర్తనలు మాత్రం శ్రీరామనవమి పందిళ్లలో ఆయన వరసల్లోనే సాగుతున్నాయి. ఆ వరస ఎవరు కట్టారో పాడేవాళ్లలో చాలామందికి తెలియదు.